ఆంధ్రా ప్యారిస్సు అంగడిలో

తెనాలి పట్టణమునకు ‘ఆంధ్రా ప్యారిస్సు’ అను ముద్దుపేరొకటి కలదని సోదరీమణులు వినియే యుందురు. కృష్ణ నీటిని తెచ్చు కాలువలు మూడు ఊరి నడుమనుండి పారుటచేత, సేను నది పారిసు నగరము నడుమ పారునట్లున్నదని కొందరందురు. నాటకములకును, కవిత్వమునకును, చక్కని వేషభాషలకును ఆ ఊరు పేరుపొందుటచేత నని మరికొందరందురు. ఏ కారణమున వచ్చినను ఆ పేరు విన్నప్పుడెల్ల మాకు నవ్వే వచ్చెడిది. పారిసును మేము చూడలేదు. చూచు యోగమును లేదు. కాని గడచిన వేసవిలో బాపట్లనుండి తెనాలిమీదుగా రేపల్లెకు పోయి వచ్చిన నాలుగు దినముల ప్రయాణములో ఆ పేరునకు మేమెన్నడును తలపని అర్థమొకటి దొరికినది. అందులో మేము తల వంచుకొనవలసిన ఘట్టమును కలదు. దానిని దాచక చెప్పుటకే ఈ వ్యాసము.

మా చెల్లెలిని రేపల్లెలో ఇచ్చితిమి. దాని పెద్దకూతురికి ఓణీల వేడుక తలపెట్టినారు. పెద్దమ్మ వరుస గనుక లంగా, ఓణీ మేము పెట్టవలెను. బాపట్లలోను మంచి అంగళ్లు లేకపోలేదు. కాని ‘తెనాలిలో కొన్నది’ అన్న మాటకు మా వైపు ఒక మన్నన కలదు. పైగా అచట మా వదినగారు, అనగా మా వారి అక్కగారు, కాపురమున్నారు. బట్టల బేరములో ఆమెది తిరిగిన చేయి. ఇంటి ఖర్చులలో నెలనెలకు మిగిల్చిన 5,000 రూపాయలు సంచిలో పదిలపరచుకొని, 9వ తరగతి చదువుచున్న మా అమ్మాయిని వెంటబెట్టుకొని బయలుదేరితిమి. పరీక్షల కాగితములు దిద్దు పని తెమలనందున మా వారు రాలేకపోయిరి. తమకు మారుగా పాఠశాల గ్రంథాలయమునుండి ఒక పెద్ద పుస్తకమును తెచ్చి మా చేతికిచ్చి, “ఆంధ్రా ప్యారిస్సుకు పోవుచున్నారు గదా, అసలు ప్యారిస్సును దారిలో చూడుడు” అని పరిహాసమాడిరి. అది 19వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుల చిత్తరువుల పుస్తకము.

బాపట్ల స్టేషనులో రైలుకొరకు వేచియున్నపుడే ఆ పుస్తకమును విప్పితిమి. మొదట మాకు కలిగినది నిరాశయే. అందులో దేవతలు లేరు, రాజులు లేరు, యుద్ధములు లేవు. టోపీలమ్ము కొట్టు, గొడుగులు పట్టుకొని వీధిని పోవు స్త్రీలు, క్రొత్త గౌను తొడిగికొని తోటలో నిలిచిన పడుచు. ఇంతటి చిత్రకారులు ఇంత చిన్న విషయములను వ్రాయుదురా యనిపించినది. బట్టలమీది ఆశ స్త్రీల చపలత్వమని చిన్ననాటినుండి విన్న చెవులు గదా మావి!

కాని బాపట్లలో కూర్చుండి అట్లనుకొనుట తగదు. స్థానం నరసింహారావుగారు ఈ ఊరివారే. 1902లో ఇచట పుట్టి, జీవితమంతయు స్త్రీపాత్రలు ధరించి, 1956లో పద్మశ్రీ బిరుదు పొంది, 1971లో గతించిన ఆ మహానటుడు సత్యభామగా రంగముమీదికి వచ్చినపుడు, ఆ చీర కట్టును, ఆ నగల తీరును చూచి స్త్రీలే నేర్చుకొనిరని మా పెద్దలు చెప్పగా వింటిమి. చీర కుచ్చెళ్లలోను, జడ వేసిన తీరులోను ఒక మనిషి స్వభావమునంతయు చూపవచ్చునని ఆయనకు తెలియును. సత్యభామ అభిమానమును కట్టులో చూపుట కళ యైనపుడు, పారిసు చిత్రకారుడు గౌను మడతలలో తన కాలమును చూపుట మాత్రము కళ కాకేమగును? ఇట్లు మా మనస్సును మేమే మందలించుకొని మరల మొదటి పుట త్రిప్పితిమి.

రైలు వచ్చినది. అప్పికట్ల, నిడుబ్రోలు, చుండూరు ఒక్కటొక్కటిగా దాటుచుండగా తల్లియు కూతురును ఆ చిత్తరువులలో మునిగితిమి. క్లాడ్ మొనే 1866–67లో వ్రాసిన ‘తోటలో స్త్రీలు’ అను పటము ఎత్తు రెండున్నర మీటర్ల పైచిలుకు. పైభాగము వ్రాయుటకు తాను నిచ్చెన యెక్కక, నేలలో కందకము త్రవ్వించి పటమునే అందులోనికి దించెనట! అందులోని స్త్రీలలో పలువురికి ఒక్క కామిల్లయే, అనగా పిమ్మట అతని భార్య యైన ఆమెయే, దుస్తులు మార్చి మార్చి నిలిచినది. 1867లో పారిసు మహాప్రదర్శనపు తీర్పరులు ఆ పటమును త్రోసివేసిరి. మరియొక చిత్రకారుడు రెన్వార్. అతని తండ్రి దర్జీ, తల్లి దుస్తులు కుట్టి జీవించినది. అందుచేతనే కాబోలు, అతడు వ్రాసిన నీలిపట్టు గౌను చూచినపుడు వ్రేళ్ల నడుమ నలిపి చూడవలెననిపించును.

ఆ కాలముననే పారిసులో అంగడి స్వరూపము మారిపోయినది. 1852లో బూసికో అను వర్తకుడు బోన్ మార్షే అను దుకాణమున భాగస్తుడుగా చేరి, దానిని ఒక మహాసౌధముగా పెంచెను. ప్రతి వస్తువునకు చీటిమీద ధర వ్రాయుట, బేరము లేకుండుట, కొనకున్నను ఎవరైనను లోనికి వచ్చి చూచుట, నచ్చనిచో తిరిగి ఇచ్చివేయుట అనునవి ఆ దుకాణమున పెద్దయెత్తున నడచిన పద్ధతులు. స్త్రీలు తమంత తాము పోయి, గంటలకొలది తిరిగి చూచి రాగల చోటు ఒకటి ఏర్పడినది. ఎమిలీ జోలా 1883లో వ్రాసిన నవలయొకటి ఇట్టి దుకాణమునే కథాస్థలముగా గొన్నది. ఆ నవలలో నాయిక కొన వచ్చిన ధనికురాలు కాదు. ఆ దుకాణమున బట్టలమ్ముటకు చేరిన బీదపిల్ల.

అంతలో మా అమ్మాయి ఒక పుటపై చేయిపెట్టి, “అమ్మా, ఈవిడ కొనడానికి వచ్చిందా, అమ్మే మనిషా?” అని యడిగినది. అది డేగా అను చిత్రకారుడు 1879 మొదలు 1886 వరకు దిద్దుచు వచ్చిన ‘టోపీల కొట్టు’. బల్లమీద కొయ్యలకు పువ్వుల టోపీలు తగిలించి యున్నవి. ప్రక్కన ఒక స్త్రీ కూర్చుండి చేతిలోని టోపీని తదేకదృష్టితో చూచుచున్నది. పెదవుల నడుమ గుండుసూది పట్టియున్నట్లున్నది. డేగా మొదట ఆమెను కొన వచ్చిన స్త్రీగా వ్రాసి, పిమ్మట మార్చెనని ఆ పటమును లోతుగా పరీక్షించిన వారు కనిపెట్టిరి. మేము ఆ సంగతి చదివి చెప్పగా మా అమ్మాయి, “అయితే మనిషి ఒకటేగా, కూర్చున్న చోటే మారింది” అన్నది. పిల్లల మాట యని నవ్వి ఊరకుంటిమి. ఆ మాట ఆ సాయంకాలమే మమ్ము గుచ్చునని అప్పుడు తెలియదు.

తరువాతి పుటలో టిస్సో వ్రాసిన ‘అంగడి పిల్ల’ కలదు. 1883–85 నడుమ వ్రాసినది. నల్లని గౌను తొడిగిన యువతి ఒక చేత మన కొన్న వస్తువుల పొట్లము పట్టుకొని, మరియొక చేత తలుపు తీసి, మనము వీధిలోనికి పోవుటకు దారి ఇచ్చుచున్నది. బల్లమీద రంగురంగుల రిబ్బనులు. ఒకటి నేలమీదికి జారిపడియున్నది. కిటికీ అద్దమునుండి ఒక పురుషుడు లోపలి మరియొక పిల్లను తొంగిచూచుచున్నాడు. అతనిని చూడగానే మా తండ్రిగారు మాకు చదివించిన ‘క్రీడాభిరామము’ జ్ఞప్తికి వచ్చినది. అందులోను ఇద్దరు చెలికాండ్రు ఒక దినమంతయు ఓరుగంటి వీధులలో తిరిగి అంగళ్లను, స్త్రీలను చూచుచు పోవుదురు. తండ్రిగారు కొన్ని పద్యములను దాటవేయుచు చదివించినందున మిగిలినవి పెండ్లియైన పిదప మేమే చదువుకొంటిమి. మన ప్రబంధములలో పురవర్ణన యనగా పూలమ్ము పుష్పలావికలును ఉండియే తీరవలెను; వారితో విటులు సరసమాడియే తీరవలెను. అనగా అంగడి పిల్లను మన కవులును చూచిరి. కాని వారు చూచినది ఆ కిటికీలోని పురుషుడు చూచినట్లే. రోజంతయు నిలిచిన ఆమె కాళ్లు ఎట్లున్నవో అడిగినవారు లేరు.

తెనాలి స్టేషనులో వదినగారు మా కొరకు వేచియుండిరి. పారిసు పటముల మాట విని ఆమె నవ్వలేదు. “మన తుమ్మపూడిలో కూర్చునే సంజీవదేవ్ గారు దేశదేశాల బొమ్మల్ని గురించి రాశారు, మీకు తెలియదా?” అని మమ్మే ప్రశ్నించిరి. నిజమే. 1914లో పుట్టి 1999లో గతించిన ఆ కళావేత్త తెనాలి చేరువ పల్లెలోనే నివసించుచు ప్రపంచ చిత్రకళను తెలుగువారికి పరిచయము చేసెను. ఆంధ్రా ప్యారిస్సనుటకు ఇదియు నొక కారణమే యనుకొనుచు కాలువ వంతెన దాటి బజారు చేరితిమి.

మా చిన్నతనమున బట్టల కొట్టులో తెల్లని పరుపు పరచి యుండెడిది. కొనువారును, అమ్మువారును దానిమీదనే కూర్చుండెడివారు. తానులు మధ్యలో దొర్లుచుండెడివి. మంచినీళ్లు వచ్చెడివి, మాటలు సాగెడివి. ఇప్పటి అంగడి అట్లు కాదు. మేము ప్రవేశించినది మూడంతస్తుల మేడ. అద్దముల తలుపు, చల్లని గాలి, వెలుగుల వరుసలు. పొడవైన బల్ల కీవల కొనువారికి మెత్తని పీటలు. ఆవల ఒకే రంగు చీరలు కట్టిన పడుచులు వరుసగా నిలిచియుండిరి. మేము కూర్చుంటిమి. ఆవలివారు నిలిచియే యుండిరి. అప్పటికి ఆ భేదము మా కంటబడలేదు.

“రండమ్మా, ఏం చూపించమంటారు?” అన్న కంఠము విని తలయెత్తితిమి. ఆ ముఖము మాకు తెలియును. భట్టిప్రోలు చేరువ మా పుట్టినూరిలో మా వీధి చివరనే సాలెవారి ఇల్లుండెడిది. బడి విడువగానే మేము పుస్తకములను అరుగుమీద పారవైచి ఆ ఇంటికి పరుగెత్తెడివారము. ఆమెయు మేమును రాట్నము ముందు చేరి కండెలు చుట్టెడివారము. ఆమె చుట్టిన కండె నున్నగా నుండెడిది. మాది గుబ్బలు గుబ్బలుగా నుండెడిది. ఆమె తండ్రి మగ్గపు గుంటలో కూర్చుండి నాడె విసరుచు, “పంతులుగారి పిల్లకు చదువే అబ్బుతుంది, నూలు అబ్బదు” అని నవ్వెడివాడు. ఆమెయే ఇప్పుడు బల్ల కావల నిలిచియున్నది. ఆమె కన్నులు ఒక్క క్షణము మా ముఖముపై ఆగినవి. మేము చూపు మరల్చుకొంటిమి.

ఎందుకు మరల్చుకొంటిమో నిజము చెప్పవలెను. వదినగారు ప్రక్కన నుండిరి. బడిపంతులు భార్యకు అంగడిలో నిలిచి బట్టలమ్ము స్నేహితురాలు కలదని ఆమె యేమనుకొందురో యని సంకోచించితిమి. కావ్యములు చదివితిమి, సుభాషితములు నేర్చితిమి, పారిసు పటమును చూచి జాలిపడితిమి. కాని మా ఎదుటనున్న మనిషిని పలుకరించు ధైర్యము మాకు లేకపోయినది.

బేరము గంటన్నరసేపు నడచినది. వదినగారు దించుమన్నవన్నియు ఆమె దించినది. ఇరువది ముప్పది లంగాలు మా ముందు కుప్పయైనవి. “ఇది వద్దు, ఆ పైది తియ్యి, అది కాదు, దాని పక్కది” అని వదినగారు వ్రేలు చూపుచుండగా, ఆమె ముని వ్రేళ్లమీద లేచి అందుకొనుచుండెను. మా అమ్మాయి ఒక మెరుపుల అంచును చూచి ముచ్చటపడినది. అప్పుడామె వంగి మెల్లగా, “ఈ అంచు ఉతుకులో ఆగదమ్మా, నల్లబడుతుంది. ఈ ఆకుపచ్చది తీసుకోండి, నేత గట్టిది” అన్నది. ‘అమ్మా’ అని ఆమె మమ్ము పిలిచినది. కండెలు చుట్టునాడు ‘ఏమే’ అని పిలిచిన నోరది. మేము “సరే” యనలేదు, “కాదు” అనలేదు. వదినగారు ఆకుపచ్చదానిని నలిపి చూచి మెచ్చుకొనిరి. 4,200 రూపాయలకు లంగా, ఓణీ, రవికె గుడ్డ తీసికొని బయటపడితిమి. తలుపు దగ్గర పొట్లమందించినదియు నామెయే. టిస్సో పటములోని పిల్లవలె ఒక చేత పొట్లము, ఒక చేత తలుపు. మాకు దారి ఇచ్చినది.

ఆ సాయంకాలపు రేపల్లె రైలులో మేము మాటాడలేదు. 1916లో వేసిన ఆ కొమ్మ దారి వరిపొలముల నడుమనుండి పోవును. వేమూరు దాటినది. భట్టిప్రోలు వచ్చినది. 1892లో అలెగ్జాండర్ రీ అను ఆంగ్లేయుడు అచటి బౌద్ధస్తూపమును త్రవ్వించగా, అస్థులు దాచిన స్ఫటికపు భరిణెలతోపాటు బంగారు పువ్వులును, ముత్యములును బయటపడెను. సుమారు రెండువేల సంవత్సరములకు పూర్వపు అలంకారము ఆ మట్టిలో దాగియుండినది. మా మనస్సు మాత్రము ఆ మట్టిమీది మరియొక ఇంటి చుట్టు తిరిగినది. ఆ మగ్గమేమైనదో, ఆ కండెల బుట్ట ఏమైనదో!

మా అమ్మాయి పుస్తకమును తెరచి రెన్వార్ వ్రాసిన ‘గొడుగులు’ చూపినది. వీధినిండ గొడుగులే. ఆ పటమును అతడు 1881 ప్రాంతమున మొదలుపెట్టి విడిచి, నాలుగైదు సంవత్సరముల పిమ్మట మరల పట్టెను. అంతలో పారిసు వేషము మారిపోయినది. అందుచేత కుడివైపు తల్లియు పిల్లలును పాత తీరు దుస్తులలోను, ఎడమవైపు పడుచు క్రొత్త తీరు గౌనులోను కానవత్తురు. గౌనులనుబట్టియే పండితులు ఆ పటము కాలమును నిర్ణయించిరి. మా అమ్మాయి చూపినది అది కాదు. “అమ్మా, ఈ ఎడమవైపు అమ్మాయికి టోపీ లేదు, గొడుగూ లేదు. చేతిలో మాత్రం బుట్ట ఉంది” అన్నది. క్రింద చదివితిమి. ఆమె టోపీల కొట్టులో పనిచేయు పిల్ల. ఎవరి ఇంటికో టోపీ మోసికొని పోవుచున్నది. అందరి తలలకు టోపీలందించు ఆమె తల వానకు తెరచియున్నది. అప్పుడు మా అమ్మాయి మా ముఖము వంక చూచి, “ఆ అంగడిలో ఆవిడ నీకు తెలుసు కదూ?” అన్నది. పిల్లలకన్ను దేనిని విడువదు గదా! ఉన్నదున్నట్లు చెప్పితిమి. అది మారుమాటాడలేదు. ఆ మౌనము మాకు దెబ్బకంటె ఎక్కువైనది.

రేపల్లెలో వేడుక చక్కగా జరిగినది. ఆకుపచ్చ లంగాను అందరు మెచ్చిరి. “ఎవరు ఎంచారే?” అని మా చెల్లెలడుగగా మాకు గొంతు పెగలలేదు.

మరునాడు మరిదిగారు మమ్ము నిజాంపట్నమునకు తీసికొనిపోయిరి. రేపల్లెకు దక్షిణమున సముద్రతీరపు ఊరది. ఇప్పుడు చేపల పడవల రేవు. కాని ఐరోపా వర్తకుల పాత పత్రములలో దీనిపేరు పెట్టపోలి. 1606లో డచ్చివారును, 1611లో గ్లోబ్ అను ఓడలో వచ్చిన ఆంగ్లేయులును ఇచట వర్తకస్థానములను పెట్టిరి. వారిని రప్పించినవి మన నూలు బట్టలును, వానిమీది ఎరుపును. ఈ తీరపు ఇసుకనేలలలో చిరివేరు అను మొక్క పెరుగును. బట్టను కరక్కాయ కషాయమునను, గేదెపాలలోను నానబెట్టి యారవేసి, పటికనీటితో కలమును ముంచి పువ్వులు లతలు వ్రాసి, చిరివేరుతో ఉడికించినచో, పటిక తగిలినచోటనే ఎరుపు పట్టును. ఎన్ని ఉతుకులకును వదలదు.

ఆ బట్టలు ఫ్రాన్సును చేరినవి. అచటి స్త్రీలు వానిని ‘ఇండియెన్నులు’ అని పిలిచి, ఎంత మోజుపడిరనగా, తమ పట్టు, ఉన్ని నేతగాండ్రు చెడిపోవుచున్నారని 1686లో ప్రభుత్వము వానిని నిషేధించెను. అయినను స్త్రీలు మానలేదు. దొంగచాటుగా కొనిరి, తొడిగిరి. ఆ నిషేధము 1759 వరకు నిలిచినది. 1760లో ఓబెర్కాంఫ్ అను నతడు వెర్సాయి చేరువ జూయి అను ఊరిలో అట్టి అద్దకమునకు కార్మికశాల పెట్టెను. ఎంత చిత్రము! ఆ 1759లోనే సలాబత్ జంగు నిజాంపట్నపు సర్కారును ఆంగ్లేయులకు వ్రాసి ఇచ్చెను. పారిసు స్త్రీలకు మన అద్దకపు బట్ట కట్టుటకు స్వేచ్ఛ వచ్చిన ఏడు, ఆ బట్ట పుట్టిన రేవు పరాధీనమైన ఏడు, ఒక్కటే.

సముద్రపు గాలిలో నిలిచి మేము తలపోసితిమి. పారిసు పేరు తెనాలికి వచ్చుటకు ఎన్నియో యేండ్లు ముందే ఈ తీరపు చేతిపని పారిసును చేరియున్నది. మొనే తోటలో తేలికనూలు గౌనులను చూచి మురిసితిమే, నూలుమీది ఆ మక్కువను ఐరోపాకు నేర్పిన చేతులలో మన తీరపు చేతులును కలవు. ఆ చేతుల పేర్లు ఎవ్వరును వ్రాసి పెట్టలేదు. వారిని మరచినది విదేశీయులు మాత్రమే కాదు. నూలు చుట్టిన చేతిని మొన్న తెనాలిలో చూచియు చూడనట్లు నటించినది మేమే గదా! ఏదో పురాతనపు అన్యాయమునకు నిట్టూర్చుట సులువు. నిన్నటి తప్పును దిద్దుకొనుట కష్టము.

తిరుగు ప్రయాణమున తెనాలిలో రైలు మారుటకు మూడు గంటల వ్యవధి యుండెను. వదినగారు లేకుండ పోయి పలుకరించినచో అది సగము ధైర్యమే యగును. అందుచేత ఆమె యింటికి పోయి, జరిగినదంతయు చెప్పి, వెంట రమ్మంటిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “నేనేదో అనుకుంటానని చిన్ననాటి స్నేహాన్ని దాచావా? నన్నంత చిన్నదాన్ని చేశావే” అనిరి. ఆ మాటకు మేము రెండవమారు సిగ్గుపడితిమి.

అంగడిలో ఆమె మమ్ము చూచి మరల “రండమ్మా” అన్నది. మేము బల్లమీదుగా ఆమె చేయి పట్టుకొని, చిన్ననాటి పిలుపుతోనే పిలిచితిమి. ఆమె కన్నులు నిండినవి. “నీ నడక చూసే గుర్తుపట్టానే. పెద్దవాళ్లతో వచ్చావు. నువ్వు పలకరిస్తే పలుకుదామని ఊరుకున్నా” అన్నది. నేతలో కూలి గిట్టక తండ్రి మగ్గమును విప్పివేసెనట. ఇద్దరు ఆడపిల్లల చదువుకొరకు ఆమె ఇచట చేరి ఆరేండ్లైనదట. ఉదయము తొమ్మిదికి వచ్చి రాత్రి తొమ్మిదికి పోవుట. “బట్ట ముట్టుకుంటే చాలు, నేత ఏమిటో చెప్తాను. అందుకే ఇక్కడ నిలిచాను” అని నవ్వినది. నిలిచినమాట అక్షరాల నిజము. అన్నమునకు ఇచ్చు అరగంట తప్ప ఆమె కూర్చుండుట లేదు. సాయంకాలమునకు కాళ్లు వాచునట. బల్ల కావల ఒక్క పీటయైనను లేదు.

“కూర్చోమ్మా” అనిరి వదినగారు. ఆమె గల్లాపెట్టె వైపు చూచి తల అడ్డముగా నూపినది. వదినగారు ఒక్క క్షణమాగి, తాము కూర్చున్న మెత్తని పీటనుండి లేచి నిలిచి, “అయితే నేనూ నిలబడే చూస్తాను, దించు” అనిరి. అరువది యేండ్ల వాడుక మనిషి నిలిచియుండుట చూచి యజమాని పరుగున వచ్చెను. “ఆవిడ నిలబడితే నాకు కూర్చోబుద్ధి కావడం లేదండీ” అని వదినగారు శాంతముగా చెప్పిరి. కొంత తడబాటు పిమ్మట ఒక స్టూలు లోపలినుండి వచ్చినది. ఆమె కూర్చున్నది. వదినగారును కూర్చుండిరి. బల్లకు ఈవలావల ఇద్దరు స్త్రీలు కూర్చుండి ఒక చీర నేతను గూర్చి మాటాడుకొనిరి. పూర్వపు తెల్లని పరుపు మాకు జ్ఞప్తికి వచ్చినది. కొన వచ్చినదెవరో, అమ్మునదెవరో మా అమ్మాయి ఈసారి అడుగలేదు.

ఇంటికి వచ్చి మా వారితో ఈ సంగతి చెప్పగా, వారు మరియొక మాట తెలిపిరి. ఫ్రాన్సులో 1900వ సంవత్సరము డిసెంబరు 29న ఒక చట్టము చేసిరట. దుకాణములలో ఎందరు స్త్రీలు పనిచేయుదురో అన్ని ఆసనములు యజమాని ఉంచవలెనని ఆ చట్టము శాసించినది. డేగా పటము ముగిసిన పిదప పదునాలుగేండ్లకుగాని ఆ పారిసు పిల్లలకు పీట దొరకలేదన్నమాట. మన దేశమున కేరళములో అంగళ్ల స్త్రీలే పోరాడగా 2018లోను, తమిళనాడులో 2021లోను, దుకాణములలో పనిచేయువారికి కూర్చుండు హక్కును చట్టములో చేర్చిరి.

సోదరీమణులారా, చట్టముల మాట పెద్దలు చూచుకొందురుగాక. ఒక పని మాత్రము మన చేతిలోనే కలదు. బట్టల కొట్టునకు పోవనివారు మనలో లేరు. ముప్పది చీరలు దింపించి ఒక్కటియు కొనక లేచిపోవుట మనకు నేర్పు కావచ్చును. వానినన్నిటిని మరల మడతపెట్టు చేతులు ఎదుటనే యున్నవి. ఈమారు పోయినపుడు ఆ చేతులు గల మనిషి ముఖమును చూడుడు. ఆమె సలహా చెప్పినచో వినుడు, మేలు చెప్పినచో మెచ్చుకొనుడు. ఆమె నిలిచియున్నచో ఒక పీట తెమ్మని గల్లాపెట్టె దగ్గర కూర్చున్న వారిని అడుగుడు. కొనువారి మాటను వర్తకుడు త్రోసివేయడు.

తెనాలిలో ఆ స్టూలు మరునాడును బల్ల కావలనే యున్నదో, లోపలికి పోయినదో మాకు తెలియదు. దసరాకు మరల పోవుదుము. ఈసారి కొనవలసినది ఏమియు లేదు. చూడవలసినది ఆ స్టూలే.